అమావాస్య నాడు పలకని కార్డు

నేను అఖిలను మొదటిసారి చూసినప్పుడు ఆమె ఒక సర్వర్‌ను తిడుతోంది. రెండో నిమిషానికి ఆ తిట్లు నాకు బదిలీ అయ్యాయి.

నల్గొండ నుంచి చిట్యాల మీదుగా రామన్నపేట దాకా బండి మీద వానలో తడుస్తూ వచ్చాను. వీపు మీద బ్యాగు, బ్యాగులో ల్యాప్‌టాప్, దాని చుట్టూ రెండు పాలిథిన్ కవర్లు. నా చుట్టూ ఒక్కటీ లేదు.

"కంప్యూటర్ షాపు నుంచి వచ్చిన మేడం. నా పేరు భిక్షం."

పేరు వినగానే ఆడపిల్లలు సాధారణంగా నవ్వు ఆపుకుంటారు. ఈమె ఆపుకోలేదు. మా తాత పేరు నాకు పెట్టిన రోజు మా అమ్మ ఈ సంగతి ఆలోచించలేదు.

"ఏం జేస్తరు సార్? బంద్ జేసి మల్ల చాలు జేస్తరా? గది నాకు గూడ వస్తది."

నిజానికి నా దగ్గరున్న పథకం సరిగ్గా అదే.

అది చేనేత సంఘం ఆఫీసు. అక్కడి చీరల మీద బొమ్మ మగ్గం మీద పుట్టదు, ముందే నూలులో పుడుతుంది. నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. ఏ పోగు ఎక్కడ కట్టాలో చెప్పే గ్రాఫులు ఇదివరకు కాగితాల మీద ఉండేవి. వాటి డిజైన్లలో ఎలుకలు కూడా అప్పుడప్పుడు మార్పులు చేసేవి. అఖిల రెండేళ్లు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మూలన ఒక లినక్స్ సర్వర్ పెట్టించింది. నూలు కట్టేవాళ్ల దగ్గరా, రంగులద్దేవాళ్ల దగ్గరా ఉన్న ట్యాబులు దాని నుంచే గ్రాఫు తెచ్చుకుంటాయి. అది పలకకపోతే కట్టడం ఆగుతుంది. కట్టడం ఆగితే దాని వెనక పది మగ్గాలు ఆగుతాయి.

సర్వర్ బతికే ఉంది. దాని నెట్‌వర్క్ కార్డే పలకడం లేదు. వెనక దీపం పచ్చగా వెలుగుతోంది కానీ ఎన్నిసార్లు పిలిచినా జవాబు లేదు. సర్వర్‌కు మాత్రం ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి.

"గిది ఎవరు కట్టిండ్రు?"

"నేనే సారు" అంటూ లోపలికి వచ్చాడు ఒక పెద్దాయన. అఖిల తండ్రి రాంచందర్. నూలు కట్టడంలో ఆ సంఘానికంతా ఆయనే ఉస్తాద్. "నిన్న అమావాస్య గద. దానికి అమావాస్య పట్టింది."

నేను ఇంజనీరింగ్ చదివినవాడిలా నవ్వాను. నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయిన ఇంజనీరింగే అయినా, నవ్వుకు ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

"గసొంటియి ఏముండయి కాకా. కేబుల్ ఖరాబైంది, గంతే."

కేబుల్ మార్చాను. సర్వర్‌ను ఆపి మళ్లీ చాలు చేశాను. కార్డు పలికింది. "సెట్ అయింది మేడం" అన్నాను. అఖిల ఒక నోటుబుక్కు తీసి, ఆ రోజు తారీఖు రాసుకుంది.

నెల తర్వాత ఫోన్ వచ్చింది.

"భిక్షం సార్, మీ సెట్టును జర వచ్చి చూసుకోండ్రి."

ఈసారి కార్డునే మార్చేశాను. మా షాపులో అదే కంపెనీది, అదే మోడల్ ఉంటే అదే పెట్టాను. అఖిల నా వెనకే నిలబడి చూస్తోంది. మెడ మీద ఎవరో దీపం పట్టుకున్నట్టుంది నాకు. ఒకే స్క్రూను మూడుసార్లు బిగించాను.

"గా స్క్రూ మీద ఏమన్న పగనా సార్?"

"గట్టిగ ఉండాలె గద."

"మీరు కార్డుకంటె ఎక్కువ వణుకుతుండ్రు."

పరువు కాపాడుకోవడానికి లాగ్ తెరిచాను. సర్వర్ తన డైరీ తానే రాసుకుంటుంది. పాత కార్డు ఆఖరిసారి మాట్లాడింది నిన్న మధ్యాహ్నం. అఖిల నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. అందులో ఏడు తారీఖులున్నాయి. గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను. ఏడింటికీ సరిగ్గా ముందు రోజున నల్లటి చుక్క ఉంది.

అమావాస్య!

ఆ ఊరి నేతవాళ్లకు ఆదివారం సెలవు కాదు. తాతల నాటి నుంచి వాళ్ల సెలవు అమావాస్యే. ఆ ఒక్కరోజు మగ్గం ముట్టరు, నూలు కట్టరు, రంగు కలపరు. ట్యాబులన్నీ పెట్టెలో పడుకుంటాయి. ఇక ఈ కార్డుకేమో కరెంటు ఆదా చేసే అలవాటుంది. చాలాసేపు ఎవరూ పలకరించకపోతే కునుకు తీస్తుంది. మంచి కార్డయితే పిలవగానే లేస్తుంది, ఇది లేవదు. మామూలు రోజుల్లో దానికి కునుకుకు తీరిక లేదు. పగలంతా ట్యాబులు పిలుస్తూనే ఉంటాయి. ఆ తర్వాత, ఆ రోజు చేసిన పని నకలును ఇంకో డబ్బాకు పంపుతూ తెల్లవారుస్తుంది. అమావాస్య నాడు పిలిచేవాళ్లూ లేరు, పంపడానికి పనీ లేదు.

అంటే రాంచందర్ కాక మొదటి రోజే నిజం చెప్పాడు. నేను నవ్వాను. కొత్తగా పెట్టిన కార్డూ అదే జాతిది కనుక అదీ నిద్రపోతుంది.

మందు ఒకే ఒక్క లైను. సర్వర్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైలులో, కరెంటు ఆదా వద్దని రాస్తే చాలు. టైపు చేశాను. సేవ్ చేయబోతుండగా అఖిల ఒక పళ్లెం తెచ్చి నా పక్కన పెట్టింది.

"సర్వపిండి. వేడి మీదనే తినండ్రి. వానల తడుసుకుంట గింత దూరం మల్ల వస్తరనుకోలే."

ఈసారి ఆమె నవ్వులో వెక్కిరింత లేదు. నేను ఆమె వైపు చూశాను, స్క్రీన్ వైపు చూశాను. ఆ లైను సేవ్ అయితే ఈ కార్డు ఇంకెప్పుడూ నిద్రపోదు. కార్డు నిద్రపోకపోతే నాకు రామన్నపేటలో ఏం పని?

లైను చెరిపేశాను.

"ఏమైంది సార్? దొరికిందా?"

"మల్ల ఆగితె నేనొచ్చేదాక ముట్టకుండ్రి. జర అబ్జర్వేషన్ల పెట్టాలె" అన్నాను. దవాఖానలో డాక్టర్లను ఇన్నేళ్లుగా కాపాడుతున్న మాట నన్నూ కాపాడింది.

ఆ నెలంతా మెసేజ్‌లు నడిచాయి. పొద్దున 'కార్డు ఎట్లుంది?' అని నేను. 'మంచిగుంది. మీరెట్లున్నరు?' అని ఆమె. అమావాస్య కోసం ఇంతగా ఎదురుచూసిన మనిషి జిల్లాలో ఇంకొకడు ఉండి ఉండడు.

శ్రావణ అమావాస్య మరునాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కార్డు మాట తప్పలేదు, నిద్రపోయింది. కానీ అఖిల నవ్వలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దసర చీరలున్నయి మగ్గాల మీద. పొద్దుగాల సంది పది మంది చేతులు కట్టుకొని కూసున్నరు" అంది. "పెత్తరమాస నాడు సంఘం మీటింగు. అమావాస్య గద, అందరు ఖాళీగ ఉంటరు. గీ కంప్యూటర్ రూము బంద్ వెట్టి, మల్ల కాయిదాలే నడిపిద్దమంటుండు అధ్యక్షుడు వెంకటనర్సు తాత."

"మరి నువ్వు... మీరు?"

"ఇంట్ల మేకులకు నూలు తిప్పుకుంట ఆసు పోసుకుంట కూసుంట. ఆసు పోసుడు తక్కువ పనేం గాదు. గని రెండేండ్లు ఒక్కొక్క గ్రాఫు ఎక్కించిన సార్. మా బాపు చేతిల ఉన్న పనంత అండ్ల ఉన్నది. మల్ల ఎలుకలకు ఇయ్యాల్నంటే పానం ఒప్పుతలేదు."

గబగబా ఆ లైను టైపు చేసి, సేవ్ చేసి, సర్వర్‌ను ఆపి చాలు చేశాను.

"ఈసారి పక్కా."

"గీ మాట ఇదివరకు గూడ విన్న" అంది ఆమె నా వైపు చూడకుండా.

ఇంటికి వెళ్లే దారంతా ఒకటే చిక్కు. మీటింగు జరిగేది అమావాస్య నాడు. కార్డు లేచిందో లేదో తెలిసేది మరునాడు. ఈలోపు వాళ్లు నమ్మాల్సింది నా మాటను. ఆ మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే.

పెత్తరమాస పొద్దున పిలవకుండానే వెళ్లాను. ఆడవాళ్లు సాయంత్రం బతుకమ్మకు గునుగు, తంగేడు తెచ్చి ఆఫీసు అరుగు మీద పోస్తున్నారు. లోపల నలభై మంది కూర్చున్నారు. "డబ్బ మీద నమ్మకం వోయింది" అంటున్నాడు వెంకటనర్సు తాత.

"డబ్బ తప్పు గాదు తాతా, నాది" అన్నాను నిలబడి. కార్డు ఎందుకు నిద్రపోతుందో చెప్పాను. మందు ఏమిటో చెప్పాను. "గది నాకు రెండు నెలల కిందనే దొరికింది."

"దొరికితె ఎందుకు జెయ్యలే?"

గుమ్మం వైపు ఒకసారి చూశాను.

"జేస్తే మల్ల రాను గద... అఖిల కనవడది గద అని."

వెనక నుంచి ఒక అవ్వ కిసుక్కుమంది. నవ్వు వరసలు దాటుకుంటూ ముందుదాకా వచ్చి, అఖిల దగ్గర ఆగిపోయింది.

"అంటె మొన్న పది మగ్గాలు ఆగింది నువ్వు సర్వపిండి తినటందుకా?"

మొదటిసారి నన్ను 'నువ్వు' అంది. నేను కోరుకున్నది ఇలా కాదు.

"ఔ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రాంచందర్ కాక గొంతు సవరించుకున్నాడు. "గదంత తర్వాత. ముందు గిది చెప్పు. అమావాస్య పట్టిందన్న నా మాట నిజమేనా?"

"నిజమే కాకా."

ఆయన నలభై మంది వైపూ ఒకసారి తిరిగి చూశాడు. ఆ రోజు ఆ గదిలో పూర్తిగా సంతోషించింది ఆయనొక్కడే.

వెంకటనర్సు తాత తీర్పు చెప్పాడు. "రేపు పొద్దుగాల అది పలికితె రూముంటది. పలకకుంటె రూము బంద్. నువ్వు గీ ఊర్ల కనవడొద్దు."

మరునాడు ఏడింటికి మెసేజ్ వచ్చింది. 'పలుకుతాంది.'

నేను ఆరు మెసేజ్‌లు పెట్టాను. ఆరూ చదివింది, ఒక్కదానికీ జవాబు లేదు. వారం గడిచింది, మూడు వారాలు గడిచాయి. కార్డును బాగు చేసినవాడికి ఇదేం శిక్ష అనుకుని, శిక్ష ఎందుకో గుర్తొచ్చి ఊరుకునేవాణ్ని.

దీపావళికి రెండు రోజుల ముందు ఫోన్ మోగింది.

"బాపు మీ అమ్మను తోలుకొని రమ్మంటుండు. అమావాస్య నాడు. ఆయన పని మీదికెల్లి లేసేది ఆ ఒక్కరోజే."

"నువ్వేమంటున్నవ్ అఖిలా?"

"నేను కోపం మీదున్న."

"ఇంక ఎన్ని రోజులు?"

"అబ్జర్వేషన్ల పెట్టిన" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేసే ముందు నవ్వింది, నేను విన్నాను.

మా అమ్మ భద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "అమావాస్య నాడు పిల్లను చూడవోతరారా?"

"దీపావళి గూడ అమావాస్యే గదనే."

ఆమె కాసేపు ఆలోచించి పెట్టెలోంచి పట్టుచీర తీసింది. "మనోళ్లు గూడ కాకపాయె" అని బస్సులో నాలుగుసార్లు అంది. రామన్నపేటలో సర్వపిండి తిన్నాక అయిదోసారి అనలేదు.

పెద్దవాళ్ల మాటలయ్యాక రాంచందర్ కాక నన్ను సర్వర్ దగ్గరికి తీసుకెళ్లాడు. కార్డు నిక్షేపంగా పలుకుతోంది. నిమ్మకాయ మాత్రం ఎండిపోయి వేలాడుతోంది.

"ఇగ గది తీసెయ్యొచ్చు కాకా."

ఆయన నొచ్చుకున్నాడు. "ఎందుకు తీస్తవ్ బిడ్డా? నువ్వు నీ లైను రాసినవ్, నేను నా నిమ్మకాయ కట్టిన. దేంతోని బాగైందో నీకెట్ల ఎరుక?"

లాగ్ తెరిచి చూపించబోయాను. గుమ్మంలో అఖిల వద్దన్నట్టు తల ఊపింది. లాగ్ మూసేశాను.

ఆయన జేబులోంచి కొత్త నిమ్మకాయ, మిరపకాయలు, దారం తీసి నా చేతిలో పెట్టాడు. "నాకు మోకాళ్లు వంగుతలేవు. ఇప్పటిసంది ప్రతి అమావాస్యకు వచ్చి గిది మార్చుడు నీ పని."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయల వల్ల అని ఇంట్లో చెప్పాను.

"ఏడాదికి పన్నెండేనా కాకా?" అన్నాను.

"అధిక మాసమొస్తె పదమూడు" అంది అఖిల, గుమ్మంలోంచి.