గాలికి ముఖం తిప్పిన రాకెట్

"మీ రొయ్యలు నా తిమింగలాన్ని పొడిచేశాయి. ఏం చేద్దామంటారు?"

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని పైపు బిగిస్తున్న అస్తా తలెత్తి చూసింది. ఎదురుగా పొడుగాటి యువకుడు. ఉప్పుగాలికి జుట్టంతా లేచి నిలబడింది. చేతిలో నీలం గుడ్డతో కుట్టిన తిమింగలం గాలిపటం. దాని పొట్ట దగ్గర కుట్టు విడిపోయి, అందులోకి అస్తా కాగితం రాకెట్ సగం దాకా దిగిపోయింది. బయటికి కనిపిస్తున్న సగం మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'తాజా రొయ్యలు.'

అస్తాకి నవ్వు ఆగలేదు.

"నవ్వుతున్నారా? చలికాలమంతా కూర్చుని కుట్టానండీ దీన్ని!"

"సారీ. నిజంగా సారీ. నేను నిటారుగానే వదిలాను. అదే వంకర తిరిగింది."

"అదే తిరిగిందా? దానికేమైనా కాళ్లున్నాయా?"

"రెక్కలున్నాయి. అయినా తిమింగలాలు ఉండాల్సింది నీళ్లలో కదా? ఆకాశంలో దానికేం పని?"

"రొయ్యలుండాల్సింది కూడా నీళ్లలోనే!"

రాకెట్‌ని లాగి ఆమె చేతిలో పెట్టి విసవిసా వెళ్లిపోయాడు. కోపంలో కూడా కుట్టు ఇంకా చిరగకుండా ఎంత జాగ్రత్తగా లాగాడో అస్తా గమనించింది. గమనించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

అతని పేరు త్రోల్స్. తెరచాపలు కుట్టే షెడ్డులో పనికి ఆ వసంతంలోనే ఫెర్రీ ఎక్కి ఫానో దీవికి వచ్చాడు. అస్తా పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తుంది. అచ్చు తప్పిన పోస్టర్లన్నీ ఆమె చేతిలో రాకెట్లవుతాయి. కాగితాన్ని గొట్టంలా చుట్టి అంటించడం, ముక్కులో చిన్న మట్టి ఉండ పెట్టడం, అడుగున అట్టముక్కలతో మూడు రెక్కలు అతికించడం. దాన్ని పైపుకి తొడిగి, పైపు రెండో కొసకి కట్టిన ఖాళీ కూల్‌డ్రింక్ సీసాని కాలితో ఒక్క తొక్కు తొక్కితే, లోపలి గాలి రాకెట్‌ని ఆకాశంలోకి తన్నేస్తుంది.

నడివేసవి పండుగ మిడ్‌సమ్మర్ రోజున దీవిలోని వాళ్లందరి చేతా రాకెట్లు చేయించి ఎగరేయించాలని ఆమె కోరిక. అడ్డల్లా ఒకటే. ఆ పడమటి తీరం గాలిపటాల వాళ్ల రాజ్యం. ఆ క్లబ్బుకి ప్రెసిడెంటు ఎయ్‌నార్. అంటే అస్తా వాళ్ల నాన్న.

మర్నాడు సాయంత్రం బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆయన తేల్చేశాడు. "అమ్మాయ్, బీచ్‌లో ఇక రాకెట్లు వద్దు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆ తిమింగలం కుర్రాడు వచ్చాడులే."

అస్తా ముఖం ఎర్రబడింది. "నా మాట కూడా వినవా నాన్నా?"

ఎయ్‌నార్ కత్తి పక్కన పెట్టాడు. "ఆదివారం నా కళ్ల ముందు ఎగరెయ్యి. నేను గీసిన గుండ్రంలో పడితే నీ ఇష్టం. పడకపోతే ఆ సీసా చెత్తబుట్టకి. ఒక్కసారే, అర్థమైందా?"

ఆ తర్వాత బేకరీలో త్రోల్స్ కనిపించి "గుడ్ మార్నింగ్" అంటే, అస్తా రై రొట్టె వైపు చూసి "గుడ్ మార్నింగ్" అంది.

గురువారం ఒంటరిగా ప్రాక్టీసు చేస్తుంటే వాన ముంచుకొచ్చింది. రాకెట్లని కోటు కింద దాచుకుని అస్తా ఐస్‌క్రీమ్ కొట్టు చూరు కిందికి పరిగెత్తింది. అక్కడ ముందే ఒకడు నిలబడి ఉన్నాడు. తడిసిన జుట్టు ఈసారి బుద్ధిగా నుదుటికి అతుక్కుని ఉంది.

ఇద్దరూ వాననే చూశారు. వానలో అంతగా చూడ్డానికేమీ లేదు.

"నన్ను తిట్టాలంటే నాతో చెప్పాల్సింది. మా నాన్నకి ఫిర్యాదు చేయడమెందుకు?" చివరికి అస్తానే అంది.

"ఫిర్యాదా? మీ నాన్నెవరు?"

"ఎయ్‌నార్."

త్రోల్స్ ముఖం పాలిపోయింది. "ఆయనా! అయ్యో, నేను వెళ్లింది ఫిర్యాదుకి కాదండీ. రాకెట్లు ఎగరేసేటప్పుడు మేం గాలిపటాల వాళ్లం కాస్త ఉత్తరానికి జరుగుతాం, బీచ్‌లో ఇద్దరికీ చోటుంది అని చెప్పడానికి. ఆయన సగమే విని, 'రాకెట్లా? మా బీచ్‌లోనా?' అని లేచి వెళ్లిపోయారు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? నేను పలకరిస్తే మీరు రొట్టెతో మాట్లాడారు."

అస్తా పెదవి కొరుక్కుంది. అయినా నవ్వు బయటపడింది. అతనూ నవ్వాడు. వాన ఇంకాసేపు పడితే బాగుండునని ఆమెకి మొదటిసారి అనిపించింది.

"ఏదీ, ఒకసారి ఇవ్వండి." త్రోల్స్ రాకెట్ అందుకుని వేలి మీద తూచి చూశాడు. "ఇది వంకర తిరగడం లేదు. గాలికి ముఖం తిప్పుతోంది. రెక్కలు మరీ పెద్దవి. గాలి వాటిని అటు తోస్తే ముక్కు ఇటు తిరుగుతుంది. గాలిపటంతో రోజూ నేను చూసేది అదే."

"రెక్కలు పెద్దవైతే తిన్నగా పోతుందనుకున్నాను!"

"గాలి లేని చోట పోతుంది. ఫానోలో గాలి లేని రోజు ఎప్పుడొచ్చింది?"

ఆ తర్వాతి రెండు రోజులూ పని వదిలాక తెరచాపల షెడ్డులోనూ, బీచ్‌లోనూ గడిచాయి. ఆమె కాగితం చుట్టింది, అతను రెక్కలు కత్తిరించాడు. తడి అంటకుండా కొవ్వొత్తి రుద్దడం అతని ఆలోచన. మట్టి ఉండ ఎక్కువైన రాకెట్ ఒకటి కాస్త లేచి తలకిందులుగా ఇసుకలో గుచ్చుకుంది. మరొకటి బీచ్‌లో ఆగిన కారు మీద పడితే అందులోని ముసలావిడ అద్దం దించి, "ఇంకా దూరం వెళ్లాలి బాబూ!" అని సలహా ఇచ్చింది. ఈ గొడవలో 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియలేదు.

"జిగురు అక్కడ కాదు, ఇక్కడ."

"నా చేతికి రాశావు."

"కదిలితే ఎలా మరి?"

"నువ్వు పట్టుకుంటే కదలను."

అస్తా పట్టుకుంది. జిగురు ఆరిన తర్వాత కూడా కాసేపు వదల్లేదు.

ఆదివారం గాలి పడమటి నుంచి బలంగా వీస్తోంది. ఎయ్‌నార్ పారతో ఇసుకలో పెద్ద గుండ్రం గీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గాలిపటాల వాళ్లంతా వెనక చేరారు. త్రోల్స్ వంగి పైపుని నిటారుగా పట్టుకున్నాడు.

"మూడు..." అంది అస్తా, కాలెత్తి.

"అస్తా."

"ఏంటి? రెండు..."

"ఒక మాట చెప్పాలి. ఎగిరాక చెప్తే సంబరంలో అన్నాననుకుంటావు. ఎగరకపోతే జాలిపడి అన్నాననుకుంటావు. అందుకే ఇప్పుడే చెప్తున్నాను. నువ్వంటే నాకిష్టం."

అస్తా కాలు సీసా అంచు మీద పడి జారింది. రాకెట్ 'ఫుస్' మని లేచి త్రోల్స్ బూటు మీద వాలింది.

గాలిపటాల వాళ్లంతా ఆ బూటు వైపే చూశారు.

"ఇదేనా?" అన్నాడు ఎయ్‌నార్.

"ఆ తప్పు నాది కాదు నాన్నా! ఇతనిది!"

"ఏం చేశాడు?"

"నేనంటే ఇష్టమంటున్నాడు! నేను తొక్కబోతుంటే! ఇప్పుడా చెప్పేది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. త్రోల్స్ చెవులు ఉడికించిన పీతల్లా ఎర్రబడ్డాయి. అయినా పైపు వదల్లేదు. ఎయ్‌నార్ అతన్నీ, ఆ పైపునీ, కూతురి ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. ఏమాత్రం కోపం లేని ఆ ముఖాన్ని మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"నువ్వేమన్నావు మరి?"

"ముందు రాకెట్ దిగనీ నాన్నా!"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే మళ్లీ ఎగరెయ్యి. ఒరేయ్ అబ్బాయ్, నువ్వు నోరు మూసుకో."

ఈసారి అస్తా రెండు కాళ్లతో ఎగిరి తొక్కింది. రాకెట్ రివ్వున లేచింది. పైన గాలి దాన్ని పట్టుకుని ఊపింది. అది ఒక్క క్షణం తడబడి, సర్దుకుని, ఇంకా పైకి పోయింది. తెల్లటి మేఘం ముందు చిన్న గీతలా ఆగి, మెల్లగా తల వంచి, గుండ్రం లోపల అంచుకి బెత్తెడు దూరంలో దిగబడింది.

ఎయ్‌నార్ వెళ్లి దాన్ని పీకి, ఊది ఇసుక దులిపాడు. "దిగింది. ఇక చెప్పు."

అస్తా త్రోల్స్ వైపు తిరిగి మెల్లగా ఏదో అంది.

"గాలికి వినపడలేదు," అన్నాడు తండ్రి.

"నాకూ ఇష్టమే అన్నాను!" ఆ అరుపుకి సముద్రపు పక్షులు లేచిపోయాయి. గాలిపటాల వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఎయ్‌నార్ రాకెట్‌ని త్రోల్స్ చేతికిచ్చాడు. "మధ్యాహ్నం భోజనానికి రా. చేప వేయిస్తున్నాను."

నాలుగడుగులు వేసి ఆగాడు. సీసా వైపు ఓరగా చూసి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"దీని మీద ఏ కాలు పెట్టాలి? ఎడమదా, కుడిదా?"