గారెట్ ఇంజన్‌లో సందు

ఆదివారం పొద్దున ఐరీన్ గుడ్లు వేయిస్తుంటే, కూతురు రోండా నూనె చేతులతో వచ్చి టేబుల్ మీద ఒక పిస్టన్ పెట్టింది.

"తినే చోట ఆ తుక్కేంటే?"

"అన్న ఇంజన్‌లోదమ్మా."

ఐరీన్ మొహం మాడిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఆమె కొడుకు గారెట్ రేసులో గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఇంజన్‌ను హద్దు మీరి తోలాడని అందరూ అన్నారు, ఆమె కూడా గట్టిగా నమ్మింది. వద్దంటే వినలేదన్న కోపంతో వాడి సమాధి దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు. కడుపుకోత అలాంటిది, న్యాయం చూడదు.

గారెట్‌ది అరవై తొమ్మిదిలో వచ్చిన మొదటి తరం కారు. రోండా దాని జోలికి పోకుండా అదే మోడల్‌లో డెబ్భై నాటి రెండో తరం కారు కొనుక్కుంది. ఇంజన్ మాత్రం అన్నదే వాడదామని నిన్న విప్పింది.

"పోత పోసిన మామూలు పిస్టన్లు వేసుకో, చాలు," అన్నాడు తండ్రి లెనర్డ్, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా. ముప్పై ఏళ్ళు ఇంజన్ల కర్మాగారంలో చేసిన మనిషి.

"రేసుకి పోతవి ఆగవు నాన్నా. అన్నకి నువ్వు సాగగొట్టి చేసిన ఫోర్జ్‌డ్‌వే వేశావుగా! అవి వేడికి ఎక్కువ ఉబ్బుతాయి. సిలిండర్ గోడకీ వాటికీ మధ్య అంగుళంలో నాలుగు వెయ్యోవంతులైనా సందుండాలి. ఇందులో ఒకటిన్నరే ఉంది. సిలిండర్లని లోపల ఈ కొలతకి కోసిందెవరు?"

లెనర్డ్ కప్పు కింద పెట్టేశాడు.

"అంటే?" అంది ఐరీన్.

"అన్న సరిగ్గానే తోలాడమ్మా. వేడికి ఉబ్బిన పిస్టన్లు సిలిండర్లలో పట్టేసి, వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అదుపు తప్పింది."

"సందు ఎక్కువుంటే చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది," అన్నాడు లెనర్డ్, పిస్టన్ వైపే చూస్తూ. "లెన్ కట్టిన ఇంజన్ మోగుతోందని నవ్వుతారని... బిగువుగా కోశాను. గుద్దుకున్న బండిని చూడగానే తెలిసింది ఐరీన్. చెప్పలేకపోయా."

"ఎనిమిదేళ్ళు! శవపెట్టెలో ఉన్న బిడ్డని కూడా తిట్టాను. నువ్వు నా పక్కనే నిలబడి విన్నావు!"

ఆమె పొయ్యి కట్టేసి కోటు తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకోకుండానే గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?"

"వాడి దగ్గరికి. నన్ను క్షమించమని అడగాలి." గుమ్మం దగ్గర ఆగి, భర్త వైపు చూడకుండానే అంది, "లే, లెన్. నువ్వూ రా. చేసింది వాడికి నువ్వే చెప్పు."

లెనర్డ్ లేవబోయి కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రోండా చెయ్యి అందించేలోపే ఐరీన్ వెనక్కి వచ్చి అతని రెక్క పట్టుకుని లేపింది.