పన్నెండు దేశాల బ్యాగుల డాక్టర్

"దీన్ని ఎవరు సర్దారండీ?"

"నేనే. ఏం?"

"ఏం లేదు. బ్యాగుకి నోరుంటే ఈపాటికి పోలీస్ స్టేషన్‌లో ఉండేది."

అలా మొదలైంది. బయట కుండపోత వాన. లోపల కౌంటర్ మీద జిప్పు చిట్లిన నీలం సూట్‌కేసు. దానికి అవతల తడిసిన గొడుగుతో, మండుతున్న కళ్లతో ఒక లెక్కల టీచర్. ఇవతల మన బ్యాగుల డాక్టర్.

ఆ పేరు వీధివాళ్లు పెట్టింది. చక్రం ఊడినా, హ్యాండిల్ విరిగినా, జిప్పు మొరాయించినా అందరూ అతని దగ్గరికే పరిగెత్తేవారు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. తండ్రి పోయాక ఆయన కుట్టుమిషన్ ముందు కూర్చుని తొమ్మిదేళ్లయింది. వంటింట్లోంచి వాళ్లమ్మ పనిచేసుకుంటూనే షాపులో ప్రతి మాటా వింటుంది. అవసరమైతే జవాబు కూడా చెబుతుంది.

"ప్రయాణం ఇంకా పది రోజులుంది," అంది టీచర్. "అమ్మా, నాన్నా, నేనూ. మొదటిసారి విదేశం. అందుకే ట్రయల్ ప్యాకింగ్ చేశాను."

ప్యాకింగ్‌కి కూడా ట్రయల్ వేసే మనిషిని అతను అప్పుడే చూడటం. కాస్త ముచ్చటేసింది.

"మూడో వంతు ఖాళీ వదలాలండీ. విడిచిన బట్టలు ఉతికినవాటికన్నా ఎక్కువ చోటు తింటాయి. ఇంకో మాట. ఒక్కొక్కరి బట్టలు ఒక్కో బ్యాగులో పెట్టారు కదూ?"

"పెట్టకూడదా?"

"ఆ ఒక్క బ్యాగూ తప్పిపోతే ఆ మనిషికి కట్టుబట్టలే గతి. ప్రతి బ్యాగులోనూ ముగ్గురివీ తలో రెండు జతలు పెట్టండి."

టీచర్ గొడుగు పక్కన పెట్టింది. కళ్లు చిన్నవి చేసింది. "ఇవన్నీ వెళ్లొచ్చి చెప్తున్నారా, ఊరికే చెప్తున్నారా?"

అక్కడే అతని నోరు జారింది. "వెళ్లకుండా ఎలా చెప్తానండీ!"

"ఎన్ని దేశాలు వెళ్లారు?"

"ఓ పన్నెండు."

నిజానికి పన్నెండు దేశాలు తిరిగింది అతను కాదు, అతను బాగుచేసిన బ్యాగులు. అతను వెళ్లిన అతి పెద్ద దూరం జిప్పులు హోల్‌సేల్‌గా అమ్మే పక్క ఊరు. అదీ బస్సులో, నిలబడి. కానీ వానలో తడిసి కూడా అంత దర్జాగా నిలబడ్డ అమ్మాయి ముందు అంత చిన్న నిజం చెప్పాలనిపించలేదు పాపం.

టీచర్ సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. "మొదట్నుంచి చెప్పండి. నంబర్లు వేసుకుంటాను."

ఆ పది రోజుల్లో ఆమె నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి జిప్పు కోసం, ఒకసారి చక్రం కోసం, ఒకసారి పట్టీ కోసం. నాలుగోసారి ఎందుకొచ్చిందో ఆమే చెప్పలేకపోయింది.

"షాంపూ సీసాలో గాలి నొక్కేసి, మూత కింద ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించండి. లేకపోతే పైన గాలి ఒత్తిడికి కారిపోతుంది."

"పదకొండు."

"మందులు, డాక్టర్ చీటీ, పవర్ బ్యాంకు చేతిబ్యాగులోనే. పెద్ద బ్యాగు అప్పగించేముందు లోపలా బయటా ఫోటో తీయండి. ఫోన్ నంబర్ లోపల కూడా రాసి పెట్టండి, బయటి చీటీ ఊడిపోతుంది."

"కాస్త మెల్లగా! నేను టీచర్నండీ, టైపిస్టుని కాదు."

"హోటల్ కార్డు ముగ్గురి జేబుల్లోనూ ఉండాలి. దారి తప్పితే టాక్సీ ఆయనకి చూపిస్తే చాలు. రాళ్లు పరిచిన వీధుల్లో బ్యాగుని లాగకండి, ఎత్తండి. చక్రాలకి యముళ్లు ఆ రాళ్లు."

"పంతొమ్మిది."

వంటింట్లోంచి కేక వచ్చింది. "పక్కమీద దుప్పట్లు మార్చి వెళ్లమను! అలిసిపోయి వచ్చాక ఎవరు మారుస్తారు? ఫ్రిజ్ ఖాళీ చేసి, తాళంచెవి పక్కింట్లో ఇమ్మను!"

టీచర్ నవ్వుతూ రాసుకుని పక్కన చుక్క గుర్తు పెట్టింది. "ఇప్పటిదాకా మీరు చెప్పినవాటిల్లో బెస్ట్ ఇదే."

"అది మా అమ్మ చెప్పిందండీ."

"అందుకే బెస్ట్."

ముప్పై మూడో జాగ్రత్త చెప్పేటప్పుడు మనవాడికి కాస్త ఊపు ఎక్కువైంది. "చేతిబ్యాగు మీ సీటు కిందే పెట్టుకోండి. మడమలకి తగులుతూ ఉంటే ధైర్యంగా ఉంటుంది." ఆమె అది కూడా బుద్ధిగా రాసుకుంది.

చివరిరోజు, నలభై ఒకటి దగ్గర నోట్‌బుక్ మూస్తూ, పిల్లల సంగతేదో చెప్పింది. "మా క్లాసులో జవాబు కరెక్టయినా సరే, కాపీ కొడితే సున్నాయే. తప్పు చేస్తే ఊరుకుంటాను. అబద్ధం చెప్తే మాత్రం నా వల్ల కాదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మనవాడు వెంటనే మిషన్ మీదికి వంగిపోయాడు.

వాళ్లు వెళ్లారు. అతనికి జిప్పులు తిన్నగా పడటం మానేశాయి. మూడోరోజు ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. రాళ్ల వీధి, చేత్తో ఎత్తిన నీలం బ్యాగు. కింద "19 కరెక్ట్" అని. ఐదోరోజు ఇంకో మెసేజ్. "ఒక బ్యాగు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అన్ని బ్యాగుల్లోనూ అందరి బట్టలూ ఉన్నాయి కాబట్టి అమ్మ నిశ్చింతగా ఉంది. నాన్న మిమ్మల్ని ఒకటే పొగడ్త."

ఛాతీ ఉప్పొంగిపోయింది. సూట్‌కేసులన్నీ వరసగా నిలబడి తనకి దండం పెడుతున్నట్టనిపించింది.

ఆ కిందే ఇంకో ముక్క ఉంది. "33 గురించి వచ్చాక మాట్లాడాలి."

వచ్చిన మర్నాడే టీచర్ వాళ్ల నాన్న షాపులోకి దూసుకొచ్చాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. మాట కూడా హారన్ కొట్టినట్టే ఉంటుంది.

"అబ్బాయ్! నువ్వు మామూలోడివి కాదయ్యా! మా డ్రైవర్ల సంఘం నుంచి వచ్చేనెల ఇరవైమంది ఫారిన్ వెళ్తున్నారు. ఈ ఆదివారం సంఘం హాల్లో నువ్వే మాట్లాడాలి. బ్యానర్ కూడా రాయించేశాను. పన్నెండు దేశాలు తిరిగొచ్చిన బ్యాగుల డాక్టర్ అని, ఇంతింత అక్షరాలు!"

అతను మిషన్ ఆపేశాడు. "అంకుల్, అదీ... ఒక్క విషయం..."

"ఏమీ అడ్డు చెప్పకు. అందరికీ చెప్పేశాను. నా పరువు నీ చేతిలో ఉంది."

ఆయన వెనక టీచర్ నిలబడి ఉంది. నవ్వట్లేదు, కోప్పడట్లేదు.

"ముప్పై మూడు సంగతి?" అన్నాడతను నెమ్మదిగా.

"ఆదివారం అయ్యాక," అందామె.

వాళ్లు వెళ్లాక అతను వంటింటి గడపమీద కూలబడ్డాడు. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, ఒక అబద్ధం చెప్పానే."

"విన్నానులే. పన్నెండు దేశాలు. గోడ అవతలే ఉన్నానుగా."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"నీ నోరు నువ్వే కుట్టుకుంటావేమో అనుకున్నా, కుట్టుపని చేసేవాడివి కదా." అమ్మ ఒక దుప్పటి రెండు కొసలూ అతని చేతికిచ్చింది. "మీ నాన్న పాత చక్రం అతికించి కొత్తదని ఎవరికైనా ఇచ్చాడురా?"

"లేదు. కానీ నిజం చెప్తే ఆ అమ్మాయి వెళ్లిపోతుందేమోనే."

"చెప్పకపోతే ఉంటుందనుకో. ఎవరితో ఉన్నట్టు? పన్నెండు దేశాలు తిరిగినవాడితో. వాడు మనింట్లో లేడు కదరా!"

ఆదివారం హాలు నిండిపోయింది. డ్రైవర్లు, వాళ్ల భార్యలు, వెనక వరసలో బ్యాగుల డాక్టర్ వాళ్లమ్మ. మొదటి వరసలో టీచర్, ఒళ్లో నోట్‌బుక్. అతను ఒక సంచితో వేదిక ఎక్కాడు.

"ముందుగా ఒక మాట. ఆ బ్యానర్ మీద ఉన్నది అబద్ధం. అంకుల్ తప్పేం లేదు, నేనే చెప్పాను. నేను ఒక్క దేశం కూడా వెళ్లలేదు. విమానం ఎక్కలేదు."

హాలంతా గుసగుసలు. టీచర్ వాళ్ల నాన్న ముఖం నల్లబడిపోయింది. అది చూడలేక అతను సంచి విప్పి బల్లమీద బోర్లించాడు. అరిగిన చక్రాలు, వంగిన హ్యాండిళ్లు, చిట్లిన జిప్పులు, తెగిన పట్టీలు గలగలా రాలాయి.

"నేను వెళ్లలేదు గానీ ఇవి వెళ్లొచ్చాయి. తొమ్మిదేళ్లుగా వీటినే చదువుతున్నాను. ఇదిగో, ఈ చక్రం అంచులు చెక్కుకుపోయాయి. రాళ్ల వీధుల్లో లాగితే ఇలా అవుతుంది. ఇది ఒకే వైపు అరిగింది. బరువంతా ఒక పక్కన సర్దారు. ఈ జిప్పుకి పళ్లు ఊడింది లోపల కుక్కినందుకు. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. అది తగలకుండా ఏం చేయాలో చెప్పగలను. అది మాత్రం అబద్ధం కాదు."

అప్పుడు మూడో వరసలోంచి ఒక ముసలి డ్రైవర్ లేచాడు.

"ఒరేయ్, టైరు అరుగుదల చూసి బండి ఏ రూటులో తిరిగిందో మనం చెప్పేవాళ్లం కాదురా? ఈ కుర్రాడు చేస్తున్నదీ అదే. కూర్చోండి, కూర్చోండి. నువ్వు చెప్పు నాయనా. మా ఆవిడ బ్యాగు ఎప్పుడూ ఎడమవైపే లాగుతుంది, ఎందుకంటావ్?"

ఇంకేముంది! గంటన్నర ప్రశ్నలే ప్రశ్నలు. ఇంట్లోంచి బ్యాగులు తెప్పించి మరీ పరీక్ష చేయించుకున్నారు. తన పని తాను చేస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్తూ అంతమంది ముందు నిలబడటంలో ఎంత గర్వముందో అతనికి ఆరోజే తెలిసింది. ఆ పన్నెండు దేశాల మాట ఏ రోజూ అంత సుఖం ఇవ్వలేదు.

జనం టీలకి లేచాక టీచర్ వచ్చింది.

"నాకు ముందే తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"విమానం ఎక్కిన ఐదు నిమిషాల నుంచి. అమ్మ మీ మాట నమ్మి చేతిబ్యాగు తన సీటు కింద పెట్టింది. వెనకాయన కాళ్లు చాపి ఒక్క తన్ను తన్నాడు. ఎవరైనా ముందు సీటు కింద పెట్టుకోవాలటండీ అక్కడ! సొంత సీటు కింద సామాను పెట్టేది బస్సుల్లో, రైళ్లల్లో తిరిగేవాళ్లే."

అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "మరి ఫోన్‌లోనే అడగొచ్చుగా?"

"అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారు. అడక్కుండా ఒప్పుకుంటారా అని చూశాను. ఇవాళ ఒప్పుకోకపోతే మీ వీధి మొహం మళ్లీ చూడకూడదనుకున్నాను." ఆమె నోట్‌బుక్‌ని గుండెకి అదుముకుంది. "రాత్రి నిద్ర పట్టలేదు తెలుసా? ఒప్పుకోవాలి దేవుడా అని ఎన్నిసార్లు అనుకున్నానో."

అతను చేతిలోని చక్రం బల్లమీద పెట్టాడు. బయట మళ్లీ వాన మొదలైంది.

"ఒక మాట చెప్తానండీ. ఈ దారిలో కూడా నేనెప్పుడూ వెళ్లలేదు. సలహాలేం లేవు నా దగ్గర. మీరంటే చాలా ఇష్టం. అంతే."

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే టీచరమ్మకి అప్పుడు మాత్రం లెక్క తప్పింది. ఏదో అనబోయి, నవ్వేసి, తల దించుకుంది. "నేనూ వెళ్లలేదు. ఇద్దరం వెళ్లి చూద్దాం."

వెనక దగ్గు వినిపించింది. టీచర్ వాళ్ల నాన్న.

"అంకుల్, క్షమించండి, మీ పరువు..."

"ఊరుకోవయ్యా. ముప్పై ఏళ్లు వెనకద్దంలో చూసుకుంటూ బండి నడిపినవాణ్ణి. నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలీదా?" ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంత ఆలస్యం చేశారే అనే నా బాధ."

ఇంతలో ఆలస్యంగా వచ్చిన ఒకాయన గుమ్మంలోంచే కేకేశాడు. "ఆ పన్నెండు దేశాలు తిరిగొచ్చినాయన ఏడండీ?"

టీచర్ వాళ్ల నాన్న అతని భుజంమీద చెయ్యి వేసి ముందుకి తెచ్చాడు. హాలు దద్దరిల్లేలా చెప్పాడు. "ఎక్కడికీ తిరగలేదు! బ్యాగులు బాగుచేస్తాడు. కూర్చున్నచోటు నుంచే మా ముగ్గుర్నీ క్షేమంగా తీసుకెళ్లి తీసుకొచ్చాడు. మాకు కాబోయే అల్లుడు!"

వెనక వరసలో బ్యాగుల డాక్టర్ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. పక్కన కూర్చున్న పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమన్నాడని అడిగితే, ఆమె లేచి నిలబడి ఆ మాటలన్నీ ఇంకోసారి గట్టిగా చెప్పింది.