లాభం, రెండు, మూడు

తెల్లవారకుండానే నీలవేణి ఇల్లు పీకి పందిరేసింది. బూట్లు కనిపించడం లేదు. ధాన్యం బస్తాల వెనక వాటిని దాచిన తల్లి లక్ష్మణమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు అంబలి కలుపుతోంది.

కొడుకు గిరిబాబు సైన్యంలో చేరిననాడు శ్రీముఖలింగం గుళ్లో కొబ్బరికాయలు కొట్టింది ఈవిడే. రెండేళ్లకే గుండెజబ్బని వాడిని ఇంటికి పంపేశారు. ఇక నెలలేనని డాక్టర్లు తేల్చేశారు. అయినా వాడు ఊరుకుంటేనా? కోతకోసిన మడిలో కుర్చీ వేయించుకుని, విజిలూ వాచీతో చెల్లెల్ని పరిగెత్తిస్తున్నాడు. నాలుగు చుట్లు ఏడున్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. ఆర్మీ సెలక్షన్ ఇంకో నెలే ఉంది.

బూట్లు నువ్వే దాచావా అని నీలవేణి నిలదీసింది. లక్ష్మణమ్మ గరిటె విసిరికొట్టింది.

"ఒకడ్ని పంపి ఇలాగైపోనాను. నిన్నూ పంపీమంటావేటే?"

గిరిబాబు గోడ పట్టుకుని వచ్చాడు. నాలుగడుగులకే ఆయాసం.

"ఈ జబ్బు పుట్టినకాణ్ణించీ నాలోనే ఉన్నాదని డాక్టరు సెప్పినాడు కదమ్మా. ఆ రెండేళ్లూ నేకపోతే నాకు సెప్పుకోడానికేటున్నాది? దానికి అడ్డెయ్యకు."

లక్ష్మణమ్మ బస్తాల వెనక్కి వెళ్లింది. బూట్లు తెచ్చి, కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టింది. ఏడుస్తూనే కొడుక్కి భుజం ఆసరా ఇచ్చి మడిదాకా నడిపించింది.

చుట్లు తల్లినే లెక్కపెట్టమన్నాడు వాడు. మొదటి చుట్టు అవగానే ఆవిడ "లాభం" అని కేకేసింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆవిడకి తెలిసిన లెక్క అదే. గిరిబాబు పడీపడీ నవ్వాడు. నాలుగు చుట్లూ అయ్యేసరికి ఏడు నిమిషాల నలభై సెకన్లు. ఇంకో పది తగ్గాలి. ఆ రోజు నుంచి తల్లికి వాచీ నొక్కడం కూడా నేర్పాడు.

పదిహేను రోజులకి గిరిబాబు పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

దినవారాలు అయ్యాయో లేదో సెలక్షన్ వచ్చిపడింది. నీలవేణి వెళ్లనంది. ఈసారి బూట్లు వెతికి తెచ్చింది తల్లే.

సెలక్షన్ మైదానంలో విజిల్ మోగగానే నీలవేణి వెనకబడిపోయింది. కంచె బయట నుంచి "లాభం" అని కేక వినిపించింది. జనం వింతగా చూశారు. నీలవేణి తలెత్తింది. "రెండు" అనేసరికి ఐదుగురిని దాటేసింది. "మూడు" అంటూ లక్ష్మణమ్మ కంచె వెంట తానూ పరిగెత్తింది, చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా తెలీదు. ఆవిడ నాలుగు అనేలోపే కూతురు గీత దాటేసింది.

లక్ష్మణమ్మ వాచీ నొక్కి చూసుకుంది. అలవాటుగా పక్కకి తిరిగింది, కుర్చీ ఉండేవైపు.

"ఏడూ ఇరవైరా గిరీ," అంది. "ఇంకా పది మిగిల్సినాది."