ఇంటూ పెట్టిన తలుపు

ఆ సందు చివరి నీలం తలుపు ఇంటికి చెడ్డపేరు రావడానికి మూడు రాత్రులు చాలాయి. పెద్దాయన్ని అంబులెన్సు తీసుకెళ్లింది, ఆ రాత్రే ఆసుపత్రిలో పోయాడు. భార్యనీ ఆయనతోనే ఎక్కించుకుపోయారని అందరూ అనుకున్నారు. ఇల్లు ఖాళీ. అయినా చీకటి పడితే చాలు... లోపల్నుంచి స్టీలు పళ్లెం మోగుతోందట.

ఆ వాడకి మందులు పంచే నర్సమ్మ తర్వాతెప్పుడో చెప్పుకున్న సంగతి ఇది.

జబ్బు ఊరంతా పాకిన రోజులు. ఫోన్ లేని ముసలివాళ్లకి ఆమే ఒక ఉపాయం నేర్పింది – ఊపిరి ఆడకపోతే పళ్లెం మీద గరిటెతో మూడు దెబ్బలు. ఎవరో ఒకరు విని కబురు చేస్తారని. ఖాళీ అయిన ఇంటి తలుపు మీద మాత్రం సుద్దముక్కతో ఇంటూ గీసేది. ఇక అక్కడ ఆగక్కర్లేదని గుర్తు.

నీలం తలుపు మీద ఇంటూ పెట్టిందీ ఆమే.

ఆ రాత్రి ఆఖరి రోగిని చూసి వస్తుంటే, ఎదురింటి దర్జీ కిటికీ రెక్క ఓరగా తీశాడు.

"అటు పోకమ్మా నర్సమ్మా," గుసగుసగా అన్నాడు. "ముసలాయన బతికున్నన్నాళ్లూ రేడియోతో మా నిద్ర చెడగొట్టాడు... పోయాక పళ్లెం పట్టుకున్నాడు."

"ఎన్ని దెబ్బలు బాబాయ్?"

"వినే ధైర్యమే లేదు, లెక్కపెట్టడం కూడానా తల్లీ?"

అప్పుడే మోగింది. టంగ్... టంగ్... టంగ్.

మూడు.

ఆమెకి తట్టింది దెయ్యం కాదు – తను నేర్పిన గుర్తు. ఆ రోజు పెద్దాయన స్ట్రెచర్ వెంట తెల్ల సూట్లలో ముగ్గురు ఎక్కారు. ఇద్దరు సిబ్బంది, మూడోది సూటు తొడిగించిన ఆయన భార్య, అవ్వ అనుకుంది. సందు మొదట్నుంచి చూసింది, దగ్గరకెళ్లి అడగలేదు. ఇంకా నలభై ఇళ్లు తిరగాలి. తలుపు తట్టనైనా తట్టకుండా ఇంటూ గీసి వెళ్లిపోయింది.

ఆ మూడోదీ సిబ్బందే అయితే...

"బాబాయ్, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

అరచేత్తో ఇంటూ చెరిపేస్తూ తలుపు తోసింది. గడియ వేసి లేదు. టార్చి వెలుగులో, గోడవారగా మంచం మీద – అవ్వ. పెదాలు నల్లబడ్డాయి, డొక్కలు ఎగిరిపడుతున్నాయి. వేలికి ఆక్సిజన్ మీటరు పెడితే డెబ్బై తొమ్మిది. ప్రాణం ఉంది.

"తప్పైపోయింది అవ్వా... నువ్వు మూడు రాత్రులుగా కొడుతూనే ఉన్నావు, నేనే..."

"నేనెక్కడ కొట్టానే." గొంతు గాలిలా వచ్చింది. "చెయ్యే లేవడం లేదు."

నర్సమ్మ టార్చి తిప్పింది. పళ్లెం గదికి ఆ చివర, కిటికీ పక్కన, పెద్దాయన మంచం మీద ఉంది.

"అదుగో... ఆయనే," అవ్వ విసుక్కుంది. "కన్ను మూయనివ్వడే. నర్సమ్మ వచ్చేదాకా కొడతానంటాడు. వచ్చావుగా... ఇక ఆపమను."

పళ్లెం మీద గరిటె ఇంకా సన్నగా ఊగుతోంది. దూరంగా అంబులెన్సు కూత సందు మలుపు తిరిగింది.

అప్పుడు ఆగింది గరిటె.