ఐసు డబ్బా రాగి

ఆర్మూర్ గంజ్ వెనక సందులో రవీందర్ దుకాణం ఉండేది. పెళ్లి వీడియోలకు పాటలు అతికించి, పూలు చల్లి, పెళ్లికూతురి మొహాన్ని గులాబీలోంచి బయటికి రప్పించే పని అతనిది. ఆ పనిని అతను తక్కువగా చూసేవాడు. చేయించుకునేవాళ్లను ఇంకా తక్కువగా చూసేవాడు. గల్ఫ్ పోయినవాళ్లను చూస్తే పెదవి విరిచేవాడు, పోలేక ఊళ్లోనే ఉన్నవాళ్లను చూస్తే ముక్కు విరిచేవాడు. భార్య శోభారాణి బీడీలు చుడుతుంటే తంబాకు వాసనని విసుక్కునేవాడు. ఆ బీడీల డబ్బుతో కొన్న బియ్యపు అన్నం మాత్రం ఏ రోజూ వద్దనలేదు.

అది 2008 ఎండాకాలం. గంజ్‌లో పసుపు కొమ్ములు కుప్పలు పోసి ఎత్తుతున్న రోజులు. ఆ దుమ్ము గాలికి లేచి సందంతా కమ్మేది. షట్టర్ దించినా లోపలికి వచ్చి కంప్యూటర్ ఫ్యాన్లలో ముద్దలు కట్టేది. నలభై నాలుగు డిగ్రీల ఎండకు ఆ ముద్దలు తోడై రెండు నెలల్లో రెండు మెషీన్లు కాలిపోయాయి. పదకొండు పెళ్లిళ్లు అలాగే పడి ఉన్నాయి. ఆదివారం లోపల ఇవ్వకపోతే పార్టీలు క్యాసెట్లు తీసుకుని ఇంకో స్టూడియోకు పోతామని మొహం మీదే చెప్పారు. అదే జరిగితే దుకాణం మూసుకోవాలి. బామ్మర్ది సురేశ్ అప్పటికే షార్జా వీసా తెచ్చి పెట్టాడు. సోమవారం వీసాకు మెడికల్ పరీక్ష.

"నువ్వు పోకయ్యా" అంది శోభారాణి. "ఇంకో నాలుగు కట్టలు ఎక్కువ జేత్త. ఎట్లనో బతుకుతం. ఇంట్ల నువ్వుంటె సాలు."

"నీ బీడీల మీద బతుకుడా? గదొక్కటే తక్కువున్నది నాకు" అన్నాడు రవీందర్. నిజానికి ఆమెను విడిచి ఒక్క నెల కూడా ఉండలేడు. ఆ మాట పెళ్లయిన ఆరేళ్లలో ఒక్కసారీ ఆమెతో అనలేదు.

దుమ్ముకు విరుగుడు అతనికి ఇంటర్నెట్‌లో దొరికింది. ఫ్యాన్ల గాలి బదులు నీళ్లతో చల్లబరిచే కంప్యూటర్. ప్రాసెసర్ మీద రాగి దిమ్మ, దాంట్లోంచి నీళ్లు, ఆ నీళ్ల వేడిని బయటికి పంపే రేడియేటర్. రబ్బరు గొట్టాలు వేడికి మెత్తబడతాయని కొందరు గట్టి రాగి గొట్టాలే వంచి బిగించుకుంటున్నారు. ఫోటోలు చూసి, "గిదేం బ్రహ్మవిద్య?" అనుకున్నాడు. లేత్ షాపులో రాగి దిమ్మ తొలిపించాడు. పాత మారుతి కారు హీటర్ రేడియేటర్ పట్టుకొచ్చాడు. చేపల తొట్టి మోటారు, గాజు సీసా, బ్యాటరీల దుకాణం నుంచి డిస్టిల్ వాటర్, అన్నీ కుదిరాయి. గొట్టం ఒక్కటే కుదరలేదు. నిజామాబాద్ నుంచి తెచ్చిన రాగిని ఎలా వంచినా మూలమలుపు దగ్గర నొక్కుకుపోయి, చప్పిడై నోరు మూసుకునేది. ఇసుక నింపి వేడిచేసి వంచినా అంతే. గురువారం సాయంత్రానికి ఉన్న గొట్టమంతా తుక్కయిపోయింది.

బస్టాండు పక్కన హన్మండ్లు ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. దానితోపాటు శవాల ఐసు డబ్బా కిరాయికిచ్చేవాడు. గల్ఫ్ నుంచి మనిషి వచ్చి కడసారి చూసుకునేదాకా పీనుగును అద్దాల మూత ఉన్న ఆ డబ్బాలోనే ఉంచాలి కదా. ఈమధ్యే కంప్రెసర్ కాలిపోయి దాన్ని విప్పేశాడు. రవీందర్ వెళ్లేసరికి డబ్బాలోని రాగి గొట్టం చుట్ట గోడకు వేలాడుతోంది. దానికి తెల్లగుడ్డ చుట్టి ఉంది.

"గది అమ్మేది గాదు తమ్మీ" అన్నాడు హన్మండ్లు.

"ఎందుకు? బంగారమా?"

హన్మండ్లు చేతిలోని నట్లు విప్పే పాన కింద పెట్టాడు. "డబ్బ ప్లగ్గు తీసే ముందు నేను పీనుగు చెవుల ఒక మాట జెప్త. 'నీవోళ్లు అచ్చిండ్రు, చూసిండ్రు, ఇగ నువ్వు పో' అని. పదకొండేండ్ల సంది ఒక్కసారి తప్పలే. ఆఖరుకు మాక్లూర్ దిక్కు ముత్తవ్వ అని బీడీల ఆమెను పెట్టినం. ఆమె మొగడు ఎంకటి బహ్రెయిన్‌ల ఉంటడు. దినాం ఫోన్ల 'అస్తున్న, అస్తున్న' అన్నడు. ఆరు దినాలు ఆగినం. రాలే. ఇగ ఆగలేక కాలవెట్టిండ్రు. ఆమెకు మాత్రం నేనేం జెప్పలే."

"జెప్తే ఏం పోయేది? సచ్చినామె అచ్చి అడుగుతదా?"

"సచ్చినోళ్లకు అబద్దం జెప్పద్దు తమ్మీ. వాళ్లు నమ్ముతరు."

రవీందర్ పగలబడి నవ్వాడు. "ఫ్రిజ్‌లల్ల గ్యాస్ కొట్టుకుంట గా గ్యాస్ నీ నెత్తికెక్కినట్టుంది" అని చుట్టను గుడ్డతో సహా దించుకున్నాడు. హన్మండ్లు లేచి అడ్డం వచ్చాడు, చెయ్యి పట్టుకున్నాడు. రవీందర్ ఆ చేతిని ఈగను తోలినట్టు తోలేసి, నలుగురి ముందూ నడుచుకుంటూ వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున్నే పనికి కూర్చున్నాడు. పదకొండేళ్లు వాడిన రాగి మొండిగా ఉండాలి. ఇది మాత్రం చేతిలో ఎలా అనుకుంటే అలా వంగింది. ఇసుక అక్కర్లేకపోయింది, మంట అక్కర్లేకపోయింది. తొమ్మిది మలుపులు, ఒక్కటీ చప్పిడి కాలేదు. తన చేతివాటం చూసి తనే మురిసిపోయాడు. గొట్టాన్ని థిన్నర్‌తో రెండుసార్లు కడిగినా ఏదో వాసన పోలేదు. పసుపు వాసన. ఆర్మూర్‌లో పసుపు వాసన రాకపోతే కదా ఆశ్చర్యం అనుకున్నాడు. కానీ గంజ్ పసుపు ఎండు పసుపు. ఇది అప్పుడే నూరి ఒంటికి రాసిన తడి పసుపు.

పదకొండింటికి నీళ్లు నింపి మోటారు ప్లగ్గు పెట్టాడు. ఇరవైనాలుగు గంటలు ఒట్టి నీళ్లే తిరగాలి. ఎక్కడా చుక్క కారలేదని తేలాకే కంప్యూటర్‌కు కరెంటివ్వాలి. ప్రతి బిగింపు కిందా టిష్యూ కాగితం పరిచాడు, తడిస్తే తెలిసిపోతుంది. సీసాలో చేపల తొట్టి థర్మామీటర్ వేశాడు. నలభై ఒకటి చూపించింది. గదిలో వేడీ అంతే.

మధ్యాహ్నం కూర్చున్నచోటే కునికాడు. లేచి చూస్తే సీసాలో నీళ్లు రెండు వేళ్లు తగ్గాయి. కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. గాలి బుడగలు సర్దుకుని ఉంటాయిలే అనుకుని మళ్లీ నింపాడు.

నాలుగింటికి మళ్లీ తగ్గాయి. కాగితాలు పొడిగానే ఉన్నాయి.

ఎవరో తాగుతున్నట్టు తగ్గుతున్నాయి నీళ్లు.

ఆరున్నరకు థర్మామీటర్ ఇరవైరెండు చూపించింది. రవీందర్ దాన్ని గోటితో కొట్టాడు. గదిలో చొక్కా వీపుకు అతుక్కుపోతోంది. రేడియేటర్ ఎంత గొప్పదైనా నీళ్లను గదికంటే చల్లగా చెయ్యలేదు, అది అతనికి తెలుసు. "చైనా మాల్" అని థర్మామీటర్‌ను తిట్టి పక్కకు తిరిగాడు. తిరిగి చూసేసరికి పన్నెండు.

తర్వాత ఆరు.

రాగి మీద తెల్లటి పొర కమ్ముతోంది. వేలు పెట్టి చూశాడు. మంచు... వేలు అంటుకుంది, లాగితే చర్మం చురుక్కుమంది. సందులో అరుపులు సద్దుమణిగాయి. హమాలీలు వెళ్లిపోయినట్టున్నారు. తడి పసుపు వాసన గొంతులోకి దిగుతోంది. దాని వెనక బంతిపూలు, ఆ వెనక ఇంకేదో, మూత పెట్టి చాలా రోజులు తీయనిదేదో ఉన్నట్టు వాసన.

ఏడున్నరకు కరెంటు పోయింది.

చీకటి. రోజూ పోయే కరెంటే. ఇన్వర్టర్ ఎప్పుడో చచ్చింది. చీకట్లో అలాగే కూర్చుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు. అప్పుడు చెవికి తట్టింది.

మోటారు తిరుగుతోంది.

ఫోన్ వెలుగులో తీగ పట్టుకుని తడుముతూ పోయాడు. ప్లగ్గు నేల మీద పడి ఉంది. మోటారు తిరుగుతూనే ఉంది. గుయ్య్‌మని ఒకే తీరుగా ఉండే మోత మెల్లగా విరిగి, లోపలికీ... బయటికీ... లోపలికీ... బయటికీ...

ఊపిరి.

వెలుగు గాజు సీసా మీద పడింది. సీసాకు ఆవిరి పట్టింది. చేత్తో తుడిచాడు. పోలేదు. ఆవిరి లోపలి వైపు ఉంది. చూస్తుండగానే లోపలి నుంచి ఎవరో అరచేత్తో తుడిచినట్టు చిన్న జాగా తేటపడింది. అటునుంచి చూడటానికి సరిపోయేంత జాగా.

"అచ్చినవా?"

రాగిలోంచి వచ్చింది గొంతు. అన్ని మలుపులూ తిరిగి వచ్చినట్టు వచ్చింది. దాంట్లో కోపం లేదు. అదే భరించలేకపోయాడు రవీందర్. ఎన్నాళ్లు ఆగమన్నా ఆగే మనిషి గొంతు అది.

పాన అందుకుని బిగింపు మీద పెట్టాడు. రెండు తిప్పులు తిప్పితే నీళ్లన్నీ బయటికి పోతాయి, ఈ పీడా దాంతోపాటే పోతుంది. కానీ నీళ్లన్నీ బోర్డు మీదే పడతాయి. మళ్లీ గొట్టం ఎక్కడ తేవాలి? ఆదివారం ఎలా? సోమవారం మెడికల్, పై నెల షార్జా. శోభారాణి ఒక్కతే ఆ ఇంట్లో... పాన కింద పెట్టేశాడు. ఒక్క మాటతో పోయేదానికి ఇంత తిప్పలెందుకు అనిపించింది. ఎవరో బీడీల ఆమె. అది కూడా చచ్చిన ఆమె. ఎవడి మాటైనా నమ్మి ఆరు రోజులు ఐసులో పడుకున్న తిక్కది.

"అచ్చిన" అన్నాడు గుసగుసగా.

మోత ఆగింది.

"ఎవలు?"

"నేనే... ఎంకటిని. నీ పెనిమిటిని. అచ్చిన. చూసిన. ఇగ పో."

తర్వాత సీసా లోపల ఆవిరి పైనుంచి కిందికి జారింది. చల్లటిది ఏదో అతని మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తడిమింది, గుడ్డివాళ్లు తడిమి గుర్తుపట్టినట్టు. ఆ తర్వాత అది కూడా పోయింది.

ఎనిమిదింటికి కరెంటొచ్చింది. థర్మామీటర్ నలభై చూపిస్తోంది. కాగితాలు పొడిగా ఉన్నాయి. మిగిలిన గంటలు ఆగే ఓపిక లేక కంప్యూటర్ ఆన్ చేశాడు. ఎప్పుడూ తడబడే పెళ్లి వీడియో గడగడా సాగింది, ప్రాసెసర్ వేడి పెరగనే లేదు. రవీందర్‌కు నవ్వాగలేదు. "సచ్చినా బుద్ధి రాలే మాక్లూర్ దానికి" అన్నాడు పైకే. రాత్రంతా పనిచెయ్యమని మెషీన్‌ను వదిలి షట్టర్ దించాడు.

సందు మొదట్లో భాగ్యవ్వ మిర్చీల బండి. పదేళ్లుగా అతను అక్కడే తిని, అక్కడే వంకలు పెట్టేవాడు.

"ఏ ఊరు బిడ్డా? మాక్లూర్ దిక్కోని లెక్కున్నవ్" అంది భాగ్యవ్వ మొహంలోకి చూస్తూ.

"కండ్లు దొబ్బినయా ముసల్దానా" అని నవ్వుకుంటూ దాటిపోయాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. వీసా కాగితం సురేశ్ చేతిలో పెట్టెయ్యాలి. 'నిన్ను విడిచి పోనే' అని శోభారాణికి ఇవాళ చెప్పెయ్యాలి, ఆరేళ్లలో మొదటిసారి. తలుపు కొట్టాడు. లోపల మెట్టెల చప్పుడు. గొళ్లెం తీసి ఒక రెక్క తెరిచింది శోభారాణి.

అతన్ని చూసింది. చటుక్కున కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవలు గావాలె అన్నా?"

"ఏం నాటకమే? జరుగు."

ఆమె జరగలేదు. రెక్కను రెండు చేతులా పట్టుకుంది. ఆ కళ్లలో ఆట లేదు. కొత్త మగాడిని చూసిన బెదురు ఉంది.

"శోభా... నేనే. రవీందర్‌నే."

"జర మర్యాదగ మాట్లాడుండ్రి" అంది, గొంతు తగ్గించి. "మా ఆయన ఇంట్లనే ఉన్నడు. ఇప్పుడే అచ్చి పండుకున్నడు. పానం బాగలేదు, ఒళ్లంత సల్లగున్నది. రెండు దుప్పట్లు గప్పిన. మీకు పనుంటె పొద్దుగాల దుకానంల కలువుండ్రి."

ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. లోపలి నుంచి తడి పసుపు వాసన వచ్చింది. అతని మంచం. మంచం మీద తల దాకా దుప్పట్లు కప్పుకుని ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి. రెండు బొటనవేళ్లూ కలిపి తెల్లదారంతో కట్టి ఉన్నాయి.

"శోభా, గా కాళ్లు చూడు..."

ఆమె తలుపు మూసేసింది. గొళ్లెం పడింది. లోపల మంచం కిర్రుమంది. ఆ తర్వాత శోభారాణి గొంతు మెల్లగా, ఆరేళ్లుగా అతనికి మాత్రమే తెలిసిన మెత్తదనంతో వినిపించింది.

"ఎవలో తెల్వదయ్యా... పోతున్నడు. నువ్వెందుకు లేస్తున్నవ్?"