నిద్ర లేస్తే పాస్‌వర్డ్

గుడివాడ బస్టాండులో ఏజెంట్ శివరామయ్య చేతిలో టీ గ్లాసు ఉండగానే ప్రాణం వదిలాడు. మెడ మీద చిన్న సూది గాటు. చూసినవాళ్ళు గుండెపోటనుకున్నారు.

అరగంటలో బందరులో ఫోను మోగింది. రొయ్యల మేత కంపెనీ బోర్డు వెనక నడిచే రహస్య ఆఫీసు అది. మేనేజరు వేషంలో ఉన్న ఏజెంట్ కొండలరావు రిసీవరు ఎత్తాడు.

"శివరామయ్య పోయాడు," అన్నాడు చీఫ్. "అతను గుడివాడలో ఉన్నాడన్న సంగతి నీ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు."

శివరామయ్య కొండలరావుకు ఉద్యోగం నేర్పిన మనిషి.

"ఏడవడానికి టైం లేదు. విదేశీ ముఠా చెర నుంచి తప్పించుకున్న మన రాడార్ ఇంజనీరు, జాలరి కోటయ్య పడవలో వస్తున్నాడు. సాయంత్రం పాలకాయతిప్ప దగ్గర దిగుతారు. ఐసు పెట్టెలో ట్రాన్స్‌మిటర్ ఉంది, పడవ నీ స్క్రీన్ మీద కనిపిస్తుంది. ముఠాకి కనిపించిందా, ఇద్దరూ చస్తారు. తేడా వస్తే డమ్మీ పాస్‌వర్డ్ కొట్టు. దాంతో తెరిచినవాడికి పడవ గిలకలదిండి రేవులో ఉన్నట్టు చూపిస్తుంది. నాకు 'మేత తడిసింది' అని చెప్పు, పోలీసుల్ని అక్కడికి పంపుతాను."

"ఎస్ సార్."

రూలు ప్రకారం పాస్‌వర్డ్ రోజూ పొద్దున్నే మార్చాలి. ఆవేళా మార్చాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. 2007 మే నెలలో బందరులో కరెంటు ఉంటేనే వింత. బ్యాటరీ మిగల్చాలని అందరిలాగే కొండలరావు కూడా లాప్‌టాప్ మూత మూసేవాడు. మూస్తే అది నిద్రపోయేది. నిద్ర లేవగానే 'బ్యాటరీ సేవర్' అనే యుటిలిటీ ఓ బాక్స్ తెరిచి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగేది. నెల రోజులుగా ఇదే గోల. టీ కొట్టువాణ్ణి కూడా అనుమానించే గూఢచారికి ఆ బాక్స్ మీద మాత్రం విసుగే తప్ప అనుమానం రాలేదు.

కరెంటు వచ్చింది. మూత తెరిచాడు. బాక్స్ ప్రత్యక్షం. శివరామయ్య ముఖమే కళ్ళలో మెదులుతుంటే పొరపాటున నిన్నటి పాస్‌వర్డ్ కొట్టేశాడు. బాక్స్ కిక్కురుమనకుండా మాయమైంది.

కొండలరావు చెయ్యి ఆగిపోయింది. తప్పు పాస్‌వర్డ్‌ని ఒప్పుకునే కంప్యూటరు ఎక్కడైనా ఉంటుందా? మళ్ళీ మూసి, తెరిచి, ఈసారి 'బందరు లడ్డు' అని కొట్టాడు. దానికీ ఒప్పుకుంది. అంటే అది దేన్నీ సరిచూడటం లేదు, కొట్టిందల్లా ఎవరికో చేరవేస్తోంది. పాస్‌వర్డ్ రోజూ మారుతుంది కాబట్టే రోజూ అడుగుతోంది. శివరామయ్య ఆచూకీ ముఠాకి అందించింది తన వేళ్ళే.

ఎదుటి టేబుల్ దగ్గర జానకి సెల్‌ఫోన్ టింగుమంది. హెడ్డాఫీసు పంపిన కంప్యూటర్ ఎక్స్‌పర్ట్ ఆవిడ. నల్ల కళ్ళద్దాలు, బందరు ఉక్కపోతకు కూడా చెదరని లిప్‌స్టిక్. ఆ యుటిలిటీ పెట్టింది ఆవిడే. మెసేజ్ చదువుకుని దగ్గరకొచ్చింది.

"కొండలరావు గారూ, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారాండీ?"

తప్పు కొట్టిన సంగతి తనకీ, దొంగకీ తప్ప తెలిసే వీల్లేదు.

"కంగారులో ఏదో కొట్టేశానండీ."

"మళ్ళీ కొట్టేయండి. లేకపోతే బ్యాటరీ పాడైపోతుంది."

"అలాగేనండీ." మూసి, తెరిచి, డమ్మీ పాస్‌వర్డ్ కొట్టాడు. ఆవిడ ఎదుటే ఫోను తీశాడు. "సార్, మేత తడిసింది. గిలకలదిండి లోడు మొత్తం."

సాయంత్రం దాకా ఇద్దరూ నవ్వుతూ కబుర్లాడుకున్నారు. కొండలరావు చొక్కా మాత్రం తడిసి ముద్దయింది. పొద్దు వాలుతుండగా జానకి సెల్ మోగింది. అవతలి మాట వింటూనే ముఖం మాడిపోయింది. గిలకలదిండిలో ముఠా మొత్తం పోలీసుల చేతికి చిక్కింది. జానకి తాపీగా లిప్‌స్టిక్ మూత తీసింది. అందులోంచి సూది బయటికొచ్చింది. తన మెడకు అంగుళం దూరంలో ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు కొండలరావు.

"శివరామయ్యకీ ఇలాంటిదేనా?"



చీకటి పడకముందే కోటయ్య ఫోను. "దిగామండీ. ఇంజనీరు గారికి ఒకటే వాంతులండీ. శివరామయ్య గారు ఎదురొస్తానన్నారు, ఏరండీ?"

"ముందు ఇంజనీరు గారికి కాస్త మజ్జిగ పట్టించు," అన్నాడు కొండలరావు. ఫోను పెట్టేశాడు.

తర్వాత చీఫ్ చేశాడు. "శభాష్! ఇంతకీ ఎలా లీకైందోయ్? వైరస్సా?"

"విసుగు సార్. రోజూ అడిగేదే కదా అని కొట్టేశాను."